ఆత్మలో దీనులంటే గెట్టు వదులుకోవాలా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లెటూరు. మా ఆయన చనిపోయి మూడేళ్లయింది. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. పొలంలో మా మరిది గెట్టు జరిపి ఆరు గుంటలు కలుపుకున్నాడు. ఆయనా మా సంఘమే. సంఘ పెద్దకు చెప్పుకుంటే "ఆత్మవిషయమై దీనులైనవారు ధన్యులు అని ప్రభువే చెప్పిండు, ఊరుకో అమ్మా" అన్నారు. మొన్న ఉజ్జీవ కూటాల్లో ప్రసంగించినాయన మాత్రం పేదరికం శాపం అన్నాడు. లూకాలో చూస్తే వట్టి "బీదలు" అనే ఉంది. ఏది పట్టుకోవాలి? ఇంకో సంగతి. నేను కొయిర్‌లో పాడతాను. అందరూ మెచ్చుకుంటుంటే గర్వం వస్తుందేమోనని మానేసిన. "నేను పురుగును" అని రోజూ ప్రార్థన చేస్తున్న. దీనత రాలేదు గానీ నెల రోజుల నుంచి నిద్ర పోయింది. అసలు ఆత్మలో దీనత అంటే ఏంటి, ఎట్ల నేర్చుకోవాలి?
ఒక సోదరి, హనుమకొండ జిల్లా

సమాధానం:

అమ్మా, మీ సంఘ పెద్ద చెప్పిన వచనం సరైనదే. దాన్ని తెచ్చి పెట్టిన చోటే తప్పు. మత్తయి 5:3లో ప్రభువు మాట్లాడింది మనిషి దేవుని ముందు ఎట్లా నిలబడతాడన్న సంగతి. గెట్టు జరిపినవాడి ముందు ఎట్లా నిలబడాలన్నది వేరే సంగతి. ఈ రెంటినీ కలిపేయడం వల్లనే మీకు ఇన్ని చిక్కులు వచ్చాయి.

లూకా సువార్త 18వ అధ్యాయం తీసి మొదటి పద్నాలుగు వచనాలు ఒక్క బిగిన చదవండి. అందులో మొదట కనిపించేది ఒక విధవరాలు. ఆ ఊరి న్యాయాధిపతి దేవునికి భయపడడు, మనుషులను లెక్కచేయడు. ఆమె మాత్రం మాటిమాటికీ వెళ్లి, నాకూ నా ప్రతివాదికీ న్యాయం తీర్చమని అడుగుతూనే ఉంటుంది. చివరికి ఆయనే విసిగిపోయి న్యాయం చేస్తాడు. ప్రభువు ఆమెను గయ్యాళి అనలేదు, దీనత లేనిది అనలేదు. విసుగక ప్రార్థించడానికి ఆమెనే మాదిరిగా చూపించాడు. ఆ వెంటనే, 9వ వచనం నుంచి, దేవాలయానికి వెళ్లిన పరిసయ్యుడూ (ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించేవాడు) సుంకరీ (పన్ను వసూలు చేసేవాడు) వస్తారు. సుంకరి దూరంగా నిలబడి, కన్నులెత్తడానికి కూడా ధైర్యం చాలక రొమ్ము కొట్టుకుంటూ "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్నాడు.

పైకి చూస్తే ఆ విధవరాలూ ఈ సుంకరీ తూర్పూ పడమరా. ఆమె నోరు మూయదు, ఇతను తల ఎత్తడు. కానీ ఇద్దరి సంగతీ ఒకటే. ఆమె దగ్గర లంచం లేదు, సిఫారసు లేదు, వెనకాల మగదిక్కు లేదు. ఇతని దగ్గర చూపించుకోదగ్గ మంచి పని ఒక్కటీ లేదు. ఇద్దరూ వట్టి చేతులతో వెళ్లి అడిగారు. మనుషుల దగ్గర అది న్యాయం అడగడం అయింది, దేవుని దగ్గర కరుణ అడగడం అయింది. ఈ రెండు కథలనూ లూకా పక్కపక్కనే పెట్టాడు. మీ సంఘంలో రెండో కథ మీద చాలా ప్రసంగాలు విని ఉంటారు. మొదటిదాన్ని పొలం పంచాదిదాకా తెచ్చిన ప్రసంగం విన్నారా అన్నది అనుమానమే.

ఇప్పుడు ఆత్మలో దీనత అంటే ఏమిటో నేరుగా చెప్పుకుందాం. దేవుని దగ్గర లెక్క చెప్పుకోడానికి నా చేతిలో ఏమీ లేదని ఎరగడం, అందుకని ఆయన్ని అడగడం, ఇచ్చినదాన్ని ఉచితంగా ఇచ్చినట్టే పుచ్చుకోవడం. ఈ మూడూ కలిసి ఉండాలి. మొదటిది మాత్రమే ఉండి అడగడం లేకపోతే అది నిరాశ అవుతుంది. అడిగి కూడా, దొరికినదాన్ని నా భక్తికి కూలి అనుకుంటే పరిసయ్యుడి దారే.

ఆ పరిసయ్యుడి ప్రార్థన కొంచెం దగ్గరగా చూడండి, ఎందుకంటే భక్తిగల ఇళ్లలో జరిగే పొరపాటు అదే. అతను చెప్పినవాటిలో అబద్ధమేమీ కనబడదు. వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటున్నాడు. ధర్మశాస్త్రం అందరికీ విధించింది ఏడాదికి ఒక్క ప్రాయశ్చిత్త దినమే. సంపాదన అంతటిలో పదోవంతు ఇస్తున్నాడు. మన సంఘాల్లో అట్లాంటివాణ్ని మరుసటి ఏడే పెద్దగా ఎన్నుకుంటాం. మరి ఎక్కడ పాడైంది? అతని ప్రార్థనలో ఒక్క మనవి కూడా లేదు. దేవాలయం దాకా నడిచి వెళ్లి, ఏమీ అడక్కుండా తిరిగి వచ్చాడు. అడగనివానికి ఏమి దొరుకుతుంది? రెండోది, దేవునితో మాట్లాడుతూనే కంటిచివర పక్కనున్న సుంకరిని కొలుస్తున్నాడు. పక్కవాడితో కొలుచుకున్నంతసేపు ఎవరికైనా చేతిలో ఏదో ఉన్నట్టే కనిపిస్తుంది. దీనత మీకు ఉందా లేదా అని చూసుకోవాలంటే ఈ రెండు గురుతులు చాలు: నిన్నటి ప్రార్థనలో నిజంగా ఏమైనా అడిగానా, ఆ సమయంలో ఎవరినైనా పక్కన పెట్టుకుని కొలిచానా.

మత్తయి 18లో ఇంకో మనిషి ఉన్నాడు, అతని సంగతి ఇంకా సూక్ష్మం. రాజుకు పదివేల తలాంతులు బాకీ పడ్డ దాసుడు. ఒక తలాంతు ఆరువేల దేనారాలు, ఒక దేనారం ఒక రోజు కూలి. గుణిస్తే 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పని దొరికినా 2 లక్షల ఏళ్లు పడుతుంది. ఆ మనిషి సాగిలపడి ఏమన్నాడో చూడండి: కొంచెం ఓర్చుకో, అంతా చెల్లిస్తాను అన్నాడు. క్షమించమని అడగలేదు, గడువు అడిగాడు! చేతిలో పైసా లేదు, మోకాళ్ల మీద ఉన్నాడు, కన్నీళ్లు కూడా పెట్టుకుని ఉంటాడు. అయినా తన బాకీ తానే తీర్చగలననుకుంటున్నాడు. రాజు దయతో మొత్తం కొట్టివేసినా అతని లోపల ఏమీ మారలేదు. బయటికి వచ్చీరాగానే నూరు దేనారాల కోసం తోటి దాసుడి గొంతు పట్టుకున్నాడు. నూరు దేనారాలంటే నాలుగు నెలల కూలి. అది చిన్న మొత్తమేమీ కాదు, అందుకే ఈ కథ నిజమనిపిస్తుంది. మోకాళ్ల మీద ఉండడమే దీనత అయితే అతనంత దీనుడు లేడు. తన దరిద్రం తనకు తెలియనివాడే ఎదుటివాడి దగ్గర పైసా పైసా వసూలు చేస్తాడు. మీ మరిదికి వాక్యం చెప్పాలని సంఘ పెద్దకు అనిపిస్తే, ఈ అధ్యాయం బాగా సరిపోతుంది.

ఇక మత్తయికీ లూకాకీ ఉన్న తేడా. మత్తయిలో "ఆత్మవిషయమై దీనులైనవారు", లూకా 6:20లో "బీదలైన మీరు ధన్యులు". లూకా మెత్తగా చెప్పలేదు. నాలుగు ధన్యతల వెనకే నాలుగు "అయ్యో"లు పెట్టి, మొదటిది ధనవంతులకే ఇచ్చాడు. ఇంట్లో బియ్యం లేనివాళ్లను, కూలి ఎగ్గొట్టబడ్డవాళ్లను దేవుడు చూస్తున్నాడన్నది అక్కడ సూటిగా ఉంది. దాన్ని మత్తయి పేరు చెప్పి "అది ఆత్మీయ పేదరికమండీ" అని దాటేయడం మేం ఒప్పుకోం. ఈ రెంటికీ మూలం ఒక్కచోటే ఉంది, కీర్తనల్లో. అక్కడ దీనుడంటే వేరే ఆధారం లేక దేవునికే మొరపెట్టేవాడు. "ఈ దీనుడు మొఱ్ఱపెట్టగా యెహోవా ఆలకించెను" అన్న 34వ కీర్తన మీకు నోటికి వచ్చే ఉంటుంది. జేబు ఖాళీ అయినవాడికి ఆ నిజం తొందరగా తెలుస్తుంది. జేబు నిండినవాడికి అది కప్పబడి ఉంటుంది, అంతే గానీ అతని సంగతి కూడా అదే. పేదవాడై ఉండి గర్వించేవాళ్లు ఉంటారు. ధనవంతుడై ఉండి ఆస్తిలో సగం బీదలకిచ్చి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్న జక్కయ్య లూకా 19లోనే ఉన్నాడు.

పేదరికం శాపమన్న ప్రసంగానికి ఎక్కువ సేపు అక్కర్లేదు. ప్రకటన గ్రంథంలో స్ముర్న సంఘంతో ప్రభువు "నీ శ్రమను దరిద్రతను నేనెరుగుదును, అయినను నీవు ధనవంతుడవే" అన్నాడు. వాళ్లను గద్దించలేదు. గద్దింపు లవొదికయ ఊరి సంఘానికి పడింది, నాకేమీ కొదువలేదని చెప్పుకున్నందుకు. క్రీ.శ. 60 ప్రాంతంలో భూకంపం వచ్చి ఆ ఊరు కూలితే, రోము సాయం లేకుండా సొంత డబ్బుతో తిరిగి కట్టుకున్నారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. అంత స్తోమత గలవాళ్లను ప్రభువు దరిద్రుడవు, గ్రుడ్డివాడవు, దిగంబరుడవు అన్నాడు. మరోవైపు, పేదరికమే పుణ్యం అనడం కూడా లేఖనం కాదు. సామెతలు 30లో ఆగూరు పేదరికమూ వద్దు, ఐశ్వర్యమూ వద్దు, తగినంత ఆహారం ఇవ్వమని అడిగాడు. పిల్లల ఫీజులకు డబ్బు కావాలని మీరు ప్రార్థించడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మన ప్రాంతంలో ఈ వచనాన్ని బోధించేవాళ్లు ఒక సంగతి మరవకూడదు. నిజాం కాలపు వెట్టిలో ఇక్కడి జనం నోట బలవంతంగా పలికించిన మాట "నీ బాంచెన్ కాల్మొక్త దొరా". ఇవాళ మన సంఘాల్లో కూర్చున్న చాలా కుటుంబాల తాతలు ఆ మాట అని బతికినవాళ్లే. వాళ్ల మనవరాలికి దీనత అనగానే తల దించుకుని, చేతులు కట్టుకుని, ఎదురు మాట్లాడకపోవడమే గుర్తుకొస్తే తప్పు ఆమెది కాదు. వేదిక మీద ఉన్నవాళ్లు విడదీసి చెప్పాలి. దొర ముందు అనిపించింది భయం. దేవుని ముందు దీనత ఉన్నవాడికి ఆ భయం తగ్గుతుంది, ఎందుకంటే పోగొట్టుకోడానికి కాపాడుకునే పరువు అతని దగ్గర లేదు. మన డోర్నకల్ బిషప్ అజరయ్యను చూడండి. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా 1912లో అభిషేకం పొందినవాడు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, ఎక్కువగా పాశ్చాత్య మిషనరీలే కూర్చున్న సభలో, వాళ్ల త్యాగాలకు కృతజ్ఞత చెప్పాడు. చెప్పి, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అని వాళ్ల మొహం మీదే అడిగాడు. సభలో కొందరికి అది నచ్చలేదు. దీనత ఉన్న మనిషి నోట అట్లాంటి మాట కూడా వస్తుంది.

ఇప్పుడు మీ ప్రార్థన దగ్గరికి వద్దాం. ఇది మాకు అన్నిటికంటే ముఖ్యం. "నేను నరుడను కాను నేను పురుగును" అన్నది 22వ కీర్తన 6వ వచనం. అది జనం చేత నిందపడుతున్న మనిషి ఏడుపు, రోజూ వల్లించమని ఇచ్చిన మంత్రం కాదు. పైగా ఆ కీర్తన సమాజం మధ్య స్తుతి పాడడంతో ముగుస్తుంది. మనిషి పురుగు అన్న మాట యోబు గ్రంథంలో, యోబును ఓదార్చ వచ్చిన ముగ్గురు స్నేహితుల్లో ఒకడైన బిల్దదు నోట కూడా వస్తుంది. ఆ ముగ్గురు స్నేహితులు తన గురించి యుక్తమైనది పలకలేదని చివరికి దేవుడే కోప్పడ్డాడు. యెషయా 41:14లో దేవుడు యాకోబును పురుగు అన్నాడు గదా అంటారేమో. అన్నాడు, అదే నోటితో భయపడవద్దు, నేను నీకు సహాయం చేస్తున్నాను అన్నాడు. మీరు ఆ మాట మొదటి సగం దగ్గరే ఆగిపోయి నెల రోజులుగా అక్కడే ఉన్నారు.

పౌలు 2 కొరింథీ 7:10లో రెండు రకాల దుఃఖాలు చెప్పాడు. దైవచిత్తానుసారమైనది మారుమనస్సు దాకా తీసుకుపోతుంది, లోకసంబంధమైనది మరణానికి. విడదీసి చూసుకోవడం కష్టమేమీ కాదు. దేవుడు గద్దిస్తే ఫలానా పని అని తెలుస్తుంది: నిన్న కొడుకును అందరి ముందూ అంత మాట అనకుండా ఉండాల్సింది. ఒప్పుకుంటే, సరిచేసుకుంటే బరువు దిగుతుంది. రెండోదానికి పేరుండదు. నేను పనికిరాను, నా బతుకే ఇంత అని తిరుగుతుంటుంది. ఎంత ఒప్పుకున్నా తరగదు, ఎందుకంటే ఒప్పుకోడానికి అందులో ఫలానా తప్పంటూ లేదు. మీరు రాసినదాంట్లో మాకు కనిపిస్తున్నది ఈ రెండోదే.

అందుకని ఆ మాట ఈ రోజు నుంచి ఆపేయండి. నిద్ర నెల రోజులుగా లేదంటున్నారు, అది భక్తిలో లోపం అనుకోవద్దు. ప్రవక్త ఏలీయా చావు కోరుకుని బదరీ చెట్టు కింద పడుకుంటే దేవదూత ప్రసంగం చేయలేదు. రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు, పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినిపించాడు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ఓపీ చీటీ తీసుకుని చూపించుకోండి. అంత దూరం వెళ్లేలోపు మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం, టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే చేయాలి, ఇంట్లో ఒకరికి చెప్పాలి. మందు వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టని ఎవరైనా అంటే వినకండి.

నిద్ర కుదుటపడ్డాక ప్రార్థనను ఇట్లా మార్చుకోండి. పొద్దున పొలం పనికి ముందు ఒక పావుగంట చాలు. గంట కూర్చుంటే మీరు మళ్లీ తవ్వుకోవడం మొదలుపెడతారు. మొదట ఒక చిన్న భాగం నెమ్మదిగా చదవండి: ఒక రోజు లూకా 18:9-14, ఒక రోజు 34వ కీర్తన, ఒక రోజు 51వ కీర్తన మొదటి పన్నెండు వచనాలు. తర్వాత నిన్న జరిగిన ఒక్క తప్పు, పేరుపెట్టి చెప్పండి. "ప్రభువా నేను ఘోరపాపిని" అని మొత్తంగా చెప్పడం సులువు, ఎవరి దగ్గరికీ వెళ్లి క్షమాపణ అడగనక్కర్లేదు గదా. "బోరింగు దగ్గర ఎల్లమ్మ మీద అబద్ధం చెప్పాను" అంటే ఈ రోజు ఎల్లమ్మ ఇంటికి వెళ్లాల్సి వస్తుంది. అందుకే జనం మొదటిదాన్నే ఇష్టపడతారు. ఏ తప్పూ గుర్తు రాని రోజు వెతికి తేవద్దు, దాటేయండి. ఒప్పుకున్నాక 1 యోహాను 1:9 ఒకసారి గట్టిగా చదివి అక్కడితో వదిలేయండి. నిన్నటిదాన్ని ఈ రోజు మళ్లీ తేవద్దు. క్షమించానన్న దేవుని మాట నమ్మకుండా పదేపదే ఒప్పుకోవడం వినయంలా కనిపిస్తుంది గానీ, లోపల మాత్రం నా ఏడుపుతో నేనే తీర్చుకుంటానన్న పదివేల తలాంతుల దాసుడి లెక్కే.

ఆ తర్వాత, మీ వల్ల కానిది ఒకటి అడగండి. చిన్నది కాదు, నిజంగా మీ చేతిలో లేనిది. చివరగా నిన్న మీకు అందినవి మూడు, ఎవరి చేతి మీదుగా అందాయో ఆ మనిషి పేరుతో సహా చెప్పి కృతజ్ఞత చెల్లించండి. "నీకు కలిగినవాటిలో పరునివలన నీవు పొందనిది ఏది?" అని పౌలు కొరింథువాళ్లను అడిగాడు. ఆ ప్రశ్నకు రోజుకు మూడు జవాబులు చెప్పే మనిషికి గర్వం కుదురుకోవడం కష్టం. గర్వం పోవాలని గర్వం గురించే ఆలోచిస్తూ కూర్చుంటే అది పెరుగుతుంది, మన కన్ను మన మీదనే ఉంటుంది గనుక.

ఉపవాసం ఉండాలనుకుంటే ఇప్పుడు వద్దు, నిద్ర సరిపడ్డాక ఆలోచించండి. అప్పుడైనా వారానికి ఒక్క పూట, నీళ్లు తాగుతూ. షుగరు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరును అడక్కుండా ఉండొద్దు. ఏప్రిల్, మే ఎండల్లో పొలం పని చేస్తూ అసలే వద్దు. మిగిలిన పూట బియ్యం పక్కన పెట్టి ఎవరికైనా ఇస్తే ఉపవాసానికి ఫలం కనబడుతుంది. కానుకల సంగతి మత్తయి 6లోనే ఉంది, కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని. మన మందిరాల్లో ఫ్యాను రెక్కల మీద కూడా దాతల పేర్లు తిరుగుతుంటాయి. ఆ ఫ్యాను కింద కూర్చుని ఈ అధ్యాయం చదవడం మనకు అలవాటైపోయింది.

పాట విషయం. ఈ ఆదివారమే కొయిర్‌కు వెళ్లండి. గర్వం వస్తుందని పాట మానేయడం మంచి ఉద్దేశంతో చేసిన పనే, కానీ దానివల్ల సంఘానికి ఒక గొంతు పోయింది, మీకు గర్వం పోలేదు. నేను మానేశాను చూడు అన్న కొత్త లెక్క ఒకటి మొదలైంది. ఎవరైనా బాగా పాడారంటే "వందనాలు, ప్రభువుకే మహిమ" అని ఒక్కసారి అని మాట మార్చండి. "అయ్యో నాకేం వచ్చు, నా గొంతు బాగాలేదు" అని సాగదీస్తే ఎదుటివాళ్లు మళ్లీ మళ్లీ మెచ్చుకోవాల్సి వస్తుంది. దీనతగా కనబడే ఆ మాట నిజానికి మెచ్చుకోలును రెండింతలు చేసుకునే ఉపాయం. ఎక్కడ పాడినా పక్కనున్న కొత్త పిల్లకు ఒక చరణం ఇవ్వండి, తప్పు పాడినా సరే. సాక్ష్యం చెప్పే వంతు వస్తే ముందు కాగితం మీద రాసుకుని, "నేను" అన్న మాట ఎక్కడెక్కడ అక్కర్లేదో కొట్టేయండి. ఏమి లేకపోయింది, ఎవరి ద్వారా అందింది, ఇంకా తీరనిదేమిటి, ఈ మూడూ మూడు నిమిషాల్లో చెప్పొచ్చు. ఇంకా తీరనిదాన్ని చెప్పడం చాలామంది వదిలేస్తారు, విజయగాథ పాడైపోతుందని.

ఇక గెట్టు. సంఘ పెద్ద 1 కొరింథీ 6 కూడా చూపిస్తారేమో, విశ్వాసులు ఒకరి మీద ఒకరు వ్యాజ్యాలకు పోవడం కంటే అన్యాయం సహించుట మేలు కాదా అని అక్కడ ఉంది. ఆ అధ్యాయం పూర్తిగా చదవమని అడగండి. 5వ వచనంలో పౌలు, మీలో తీర్పు తీర్చగల బుద్ధిమంతుడు ఒక్కడైనా లేడా అని సంఘాన్నే సిగ్గుపరిచాడు. 8వ వచనంలో సహోదరులకు అన్యాయం చేసేవాళ్లను గద్దించాడు. సహించమన్న మాట నష్టపోయినవాళ్లు తమంతట తాము ఎంచుకోవాల్సింది. నష్టం చేసినవాడి తరఫున పెద్దలు వినిపించాల్సింది కాదు. ఫిలిప్పీ పట్టణంలో అధికారులు పౌలును విచారణ లేకుండా కొట్టించి, మర్నాడు చాటుగా వెళ్లిపొమ్మంటే, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకుపోవాలి అని పట్టుబట్టాడు. సంఖ్యాకాండం 27లో తండ్రి వాటా భూమి కోసం సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ముందుకు, సమాజమంతటి ముందుకు వచ్చి నిలబడ్డారు. వాళ్లు చెప్పినది యుక్తమేనని దేవుడే అన్నాడు. పైగా ఆ ఆరు గుంటలు మీ ఒక్కరివే కావు. పిల్లల వాటా మీ దీనత పేరు మీద వదిలేసే హక్కు మీకు కూడా లేదు.

మత్తయి 18:15-17 ప్రకారం పోండి. మొదట మీరొక్కరే మరిదితో, ఇంట్లోనే, కోపం లేని పూట మాట్లాడండి. "గెట్టు ఎక్కడున్నదో కొలిపిద్దాం, నా తప్పుంటే నేనే జరుపుతా" అనండి. ఈ చివరి మాట నిజంగా అనాలి, కొలతలో మీ వైపే ఎక్కువ తేలే అవకాశం కూడా ఉంది. మీ పంచాదిలో దీనతకు పని పడేది అక్కడ. వినకపోతే ఇద్దరు ముగ్గురు పెద్దలతో వెళ్లండి, అప్పుడూ కాకపోతే సంఘం ముందు పెట్టండి. ఈ లోపల కాగితాలు చూసుకోండి. మీ ఆయన పేరున ఉన్న భూమి మీ పేరున, పిల్లల పేరున విరాసత్ (వారసత్వ మార్పిడి) అయిందా, పాస్‌పుస్తకంలో సర్వే నంబరు, విస్తీర్ణం సరిగ్గా ఉన్నాయా. కాకపోతే ముందు అది చేయించాలి, లేకుంటే కొలత అడిగే చోటే మీ మాట నిలబడదు. తర్వాత మీసేవలో గెట్టు కొలతకు దరఖాస్తు పెట్టండి, ఎఫ్-లైన్ అంటారు. సర్వేయర్ వచ్చే రోజు గురించి పక్క రైతులకు ముందే నోటీసు వెళ్తుంది, ఆ రోజు మరిది కూడా అక్కడ ఉండేట్టు చూసుకోండి, లేకపోతే తర్వాత ఒప్పుకోనంటాడు. కొలిపించడం కోర్టుకు ఈడ్చడం కాదని సంఘ పెద్దకు చెప్పండి, ఆయన్నే దగ్గరుండమని పిలవండి. వ్యవహారం ముదిరితే హనుమకొండలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, ఫోన్ నంబరు 15100. అక్కడ రాజీకి కూర్చోబెట్టే ఏర్పాటు కూడా ఉంటుంది, ముందు దానికే ఒప్పుకోండి.

ఇదంతా నడుస్తున్నన్నాళ్లూ మరిది ఇంటి పిల్లలు మీ గుమ్మంలోకి వస్తే ఎప్పటిలాగే అన్నం పెట్టండి, తోటికోడలు పలకరిస్తే పలకండి. దరఖాస్తు ఇచ్చిన రోజు రసీదు తప్పక తీసుకుని బైబిల్లో కాకుండా పాస్‌పుస్తకంతో పాటు దాచుకోండి.